డూనీన్ కొమ్ము మీద వందన సమర్పణ

సభ జరగని చోటును చూసినట్టు కాదు.

కాకినాడలోని ప్రకృతి సౌందర్యాస్వాదన సంస్థ వారికి ఈ సంగతి పుట్టుకతోనే తెలుసనుకుంటే పొరపాటు. మొదట్లో వాళ్లూ అందరిలాగే కొండల దగ్గరికి వెళ్లి, కొండల్ని చూసి, తిరిగొచ్చి భోజనం చేసేవాళ్లు. ఒక ఏడాది ఆడిటు జరిగినప్పుడు వచ్చింది తంటా.

"పాపికొండలు చూశామని రాసుకున్నారు. చూశారనడానికి ఆధారమేమిటి?" అని అడిగాడు ఆడిటరు.

"కళ్లతో చూశామండి," అన్నారు వీళ్లు.

"కళ్లు సంస్థ ఆస్తి కావు. వాటిలో పడింది సంస్థకు చెందదు," అన్నాడాయన.

న్యాయమైన మాటే. దాని మీద ఒక ఉపసంఘాన్ని వేశారు. ఆ ఉపసంఘం ఏడాది పాటు ఏ కొండ వైపూ కన్నెత్తకుండా ఆలోచించి, చూపు అన్నది మనిషి లోపల జరిగే వ్యవహారం గనుక దాన్ని పదిమందిలోకి తెచ్చే సాధనం ఒకటి కావాలనీ, ఆ సాధనం సభేననీ తేల్చింది. సభకు ఫ్లెక్సీ ఉంటుంది. అధ్యక్షుడుంటాడు. ఫొటో ఉంటుంది. జ్యోతి ప్రజ్వలనతో మొదలై వందన సమర్పణతో ముగుస్తుంది. వందన సమర్పణ అయితే సభ అయినట్టు, సభ అయితే చోటు చూసినట్టు. అప్పటి నుంచీ సంస్థ సభ్యులు మారేడుమిల్లి అడవినీ, అరకు లోయనీ, కోనసీమ కాలవల్నీ వేదిక మీద వరసగా కూర్చుని, వాటికి వీపు పెట్టి, శాస్త్రోక్తంగా చూస్తూ వచ్చారు.

ఇన్ని సభల్లోనూ వందన సమర్పణ చేసింది ఒక్కతే మనిషి, సూపరింటెండెంటు హైమవతి.

ఆవిడకు ఆ పని ఎవరూ ఇవ్వలేదు. పక్కవాళ్లందరూ ఒక్కొక్క అడుగు వెనక్కి వేస్తే మిగిలిపోయింది. గొంతు నెమ్మది. పేర్లు మరిచిపోదు. వేదిక చివరి కుర్చీ ఇచ్చినా మొహం మాడ్చుకోదు. ఒకే ఒకసారి, అరకులో, మైకు సెట్టు పెట్టిన అతని పేరు వదిలేసింది. అతను సభ అయ్యాక వచ్చి, "మేం మనుషులం కాదేటండి?" అన్నాడు, అంతే. ఆ మాట ఆవిడ లోపలికి పోయి కాపురం పెట్టింది. ఆ రోజు నుంచి ఎక్కడికి వెళ్లినా ఆవిడ మనసు పేర్లు ఏరుకోవడమే. ఎవరు ముందు, ఎవరు తరవాత, ఎవరికి 'గౌరవనీయులు', ఎవరికి 'ఆత్మీయులు'. ఎదురుగా జలపాతం దూకుతుంటే ఆవిడకు అటవీ శాఖ రేంజరు ఇంటిపేరు వినబడేది. ఒంటరిగా ఉండే మనిషి కావడంతో ఇంట్లో అడిగేవాళ్లు లేరు. గ్యాస్ బండ తెచ్చిన వాడికీ, కూరలవాడికీ, ఒక్కోసారి అన్నం తిన్నాక కంచానికీ మనసులోనే వందనం సమర్పించి గానీ లేచేది కాదు.

వచ్చే నెలాఖరుకి ఆవిడ రిటైరు అవుతుంది. ఇన్నేళ్లూ ఇన్ని చోట్లు తిరిగి ఒక్కటీ చూడలేదన్న సంగతి ఆవిడకు ఈ మధ్యనే, పళ్లు తోముకుంటుండగా తట్టింది. ఒక్కసారి, ఒక్కచోట, లోపల ఏ పేరూ లేకుండా నిలబడి చూడాలి. కోరిక ఇంతే. అసలు భయం వేరే. తీరా నిలబడ్డాక, చూసే మనిషి లోపల మిగిలి ఉందో లేదో.

అలాంటి సమయంలో సంస్థకు ఐర్లండు వెళ్లే అవకాశం వచ్చింది. శరత్కాలంలో పల్లెల, తీరగ్రామాల సౌందర్య నిర్వహణ మీద అధ్యయనం.

"పచ్చదనం మనకూ ఉన్నది, వారికీ ఉన్నది," అన్నారు ఛైర్మన్ సర్వోత్తమరావు గారు, బయలుదేరే ముందు సభలో. "వారి పచ్చదనాన్ని చూచుటకు మనము వెళ్లుచుండగా, మన పచ్చదనాన్ని చూచుటకు వారెందుకు రావడం లేదన్నదే ఈ యాత్ర యొక్క పరిశోధనాంశం."

చప్పట్లు మోగాయి. హైమవతి వందన సమర్పణ చేసింది. పద్నాలుగు మంది సభ్యులు, ఒక ఇత్తడి దీపపు కుంది, ఒక బ్యాటరీ మైకు సెట్టు, చోటుకొకటి చొప్పున ఫ్లెక్సీల కట్ట, ఒక పెట్టెడు శాలువాలు ఐర్లండు చేరాయి.

అక్కడ వాళ్లకు దొరికిన బస్సు డ్రైవరు పాడ్రిగ్ అనే పెద్దాయన. ఎర్రటి బుగ్గలు, ఉన్ని టోపీ, దేనికీ తొందరపడని మనిషి. పేరు పలకడం కష్టమని మొదటి పూటే ఆయన్ని పాండురంగం గారిని చేసేశారు. ఆయన అభ్యంతరపెట్టలేదు. మా ఊళ్లో ఇంతకంటే దారుణంగా పిలుస్తారన్నాడు.

బస్సు పడమటి తీరం వైపు బయలుదేరగానే కార్యదర్శి కృపానిధి గారు లేచి కిటికీల తెరలన్నీ వేయించారు.

"ఎందుకండీ తెరలు?" అంది హైమవతి.

"చోటు చేరి సభ జరపక ముందే చూచుట అనధికార దర్శనం కిందికి వస్తుందండి. ఉపసంఘం నివేదిక, మూడో పేరా." కృపానిధి గారు సన్నగా, నిటారుగా ఉంటారు. నిద్రలో కూడా పేరాల వారీగా ఊపిరి పీలుస్తారని ఆఫీసులో అంటారు.

హైమవతి తెర అంచు చిటికెడంత తప్పించింది. రాతి గోడలు, గోడల వెంబడి వేలాడే ఎర్రపూల పొదలు, తుప్పు రంగుకు తిరిగిన కొండవాలు. వాన పడుతూనే ఎండ కాస్తోంది. అబ్బ అనుకోబోయింది. ఈలోపే లోపలి నుంచి, 'ఈ వాహనమును సురక్షితంగా నడిపిన ఆత్మీయులు పాండురంగం గారికి' అని మొదలైంది.

పక్క సీటు మంగతాయారు మోచేత్తో పొడిచింది. మంగతాయారు అకౌంట్సులో పనిచేస్తుంది. సభల్లో ప్రార్థనాగీతం ఆవిడదే.

"ఏంటొదినా ఆ తొంగిచూడ్డం? కార్యదర్శి గారి కంట పడితే?"

"కొండలు చూస్తున్నాను."

"మన ప్రోగ్రాంలో కొండలేనా అవి? కాకపోతే చూసుకో తల్లీ, ఎవరొద్దన్నారు. ప్రోగ్రాంలోవైతే మాత్రం ఇప్పుడే చూసేస్తే రేపు సభలో ఏం చూస్తావ్?"

హైమవతి తెర వదిలేసింది.

మొదటి సభ బాలికారిగ్ అనే చేపల రేవులో. నీలం, పసుపు, గులాబీ రంగుల ఇళ్లు నీటి అంచున భుజాలు కలుపుకుని నిలబడ్డాయట. పీతల బుట్టలు, తాళ్లు, పొగగొట్టాల్లోంచి, అక్కడ కట్టెలకు బదులు పొయ్యిలో వేసే ఎండు మట్టిగడ్డల వాసన. ఇవన్నీ హైమవతికి తరవాత ఎవరో చెప్పగా తెలిసినవి. ఆవిడకు కనిపించింది ఫ్లెక్సీ మాత్రమే. 'బాలికారిగ్ గ్రామ సౌందర్య సందర్శన మహాసభ' అన్న అక్షరాల కింద బాలికారిగ్ బొమ్మ చాలా పెద్దదిగా ముద్రించి ఉంది. దాన్ని రెండు స్తంభాలకు కట్టగానే వెనక ఉన్న బాలికారిగ్ మొత్తం దాని చాటుకు వెళ్లిపోయింది.

వేదిక మీద పద్నాలుగు ఆసనాలు, బోర్లించిన చేపల పెట్టెలు. పద్నాలుగు మందికీ పదవులున్నాయి గనుక పద్నాలుగు మందీ వేదిక మీదే ఉండాలి. సభికులెవరన్న ప్రశ్న అప్పుడు పుట్టింది.

"పాండురంగం గారూ, తమరు కూర్చోవాలి," అన్నారు కృపానిధి గారు.

"ఎక్కడ?"

"ఎదురుగా. సభికులుగా."

"నేనొక్కణ్ణా?"

"సభికులకు కనీస సంఖ్య నిర్ణయింపబడలేదండి."

పాడ్రిగ్ బస్సులోంచి తన మడత కుర్చీ, ఫ్లాస్కు తెచ్చుకుని కూర్చున్నాడు. లోకంలో అంత మంచి సభికుడు ఇంతకు ముందు సంస్థకు దొరకలేదు. లేచి వెళ్లడు, ఫోను చూడడు, తెలుగు ఒక్క ముక్క అర్థం కాదు. అర్థం కాకపోవడం వల్ల ఆక్షేపణ ఉండదు.

వచ్చిన చిక్కల్లా దీపంతో. అట్లాంటిక్ గాలి అగ్గిపుల్లని పెట్టె మీద గీయనివ్వడం లేదు.

"నిలబడ్డంలేదండి," అంది మంగతాయారు, కుందికి తన కొంగూ, హైమవతి కొంగూ అడ్డం పెట్టి.

"నిలబడేదాకా వెలిగించండమ్మా," అన్నారు ఛైర్మన్ గారు. "జ్యోతి లేనిదే సభ లేదు."

"బస్సులో వెలిగించుకొద్దామండీ?"

"లోపలి జ్యోతి బయటి సభకు చెల్లదు," అన్నారు కృపానిధి గారు.

గట్టు మీద వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఇదంతా చాలాసేపు చూశాడు. చివరికి పాడ్రిగ్‌ని అడిగి సంగతి తెలుసుకుని, నోట్లోని పొగ పైపు తీసి దానితో దూరంగా చూపించాడు. "దీపమే కావాలంటే అదుగో, లైట్‌హౌసు. అది ఏ గాలికీ ఆరదు."

వేదిక మీద తర్జనభర్జన జరిగింది. లైట్‌హౌసు వెలిగేటప్పుడు ఛైర్మన్ గారు దాని దిశగా అగ్గిపుల్ల చాచి ఉన్నట్లయితే దాన్ని వారే వెలిగించినట్టు భావించవచ్చునని కృపానిధి గారు అభిప్రాయపడ్డారు. అది మాత్రం చీకటి పడితే గానీ వెలగదు. అందరూ పెట్టెల మీద కూర్చుని చీకటి కోసం ఎదురుచూశారు. వెలగగానే సర్వోత్తమరావు గారు ఆరిపోయిన అగ్గిపుల్లను సముద్రం మీదికి చాచారు. చప్పట్లు. అప్పుడు సభ మొదలైంది. హైమవతి వంతు వచ్చేసరికి బాలికారిగ్ అన్న ఊరు అక్కడ ఉందన్న సంగతి వాసన వల్ల మాత్రమే తెలుస్తోంది. ఆవిడ చీకటికి ఒక్కొక్క పేరే చెప్పి వందనాలు సమర్పించింది. పాడ్రిగ్‌కు ఉత్తమ శ్రోతగా శాలువా కప్పారు.

"అద్భుతమైన ఊరు," అన్నారు ఛైర్మన్ గారు బస్సెక్కుతూ. "క్షుణ్ణంగా చూశాం."

మర్నాడు కొండ మీద సభ. అక్కడ గాలి లేదు, దీపం వెలిగింది. మనుషులూ లేరు. ముఖ్య అతిథిగా స్థానిక ప్రముఖులు ఒకరైనా ఉండాలని నియమం. కనుచూపు మేరలో గొర్రెలు తప్ప స్థానికులు లేరు. ఆ గొర్రెలు ఎవరివో గుర్తుపట్టడానికి కాపరులు వాటి వీపుల మీద రంగు పూస్తారు. కొన్నిటికి నీలం, కొన్నిటికి ఎరుపు. కృపానిధి గారు కళ్లజోడు సవరించుకుని చాలాసేపు పరిశీలించారు.

"నీలానివి తక్కువగా ఉన్నాయండి. ఎర్రవి ఎక్కువ. దీన్నిబట్టి నీలం వారు గెజిటెడ్ అయి ఉండాలి."

"ఆ పెద్ద కొమ్ములాయనకి రెండు రంగులూ ఉన్నాయేటండీ?" అంది మంగతాయారు.

"అదనపు బాధ్యతలు," అన్నారు కృపానిధి గారు.

ఆ పొట్టేలును పాడ్రిగ్ చేతిలో బిస్కట్టు ఆశ చూపించి వేదిక దాకా తీసుకొచ్చాడు. సర్వోత్తమరావు గారు దాని సేవలను కొనియాడారు. ఈ కొండ మీది గడ్డి నేటికీ పచ్చగా, అదే సమయంలో పొట్టిగా ఉన్నదంటే అది వీరి నిరంతర కృషి ఫలితమన్నారు. ఆ మాట నిజం కూడాను. శాలువా కప్పగానే ముఖ్య అతిథి వేదిక దిగి, ఎవరికీ చెప్పకుండా, జరీ అంచు గాల్లో ఎగురుతుండగా కొండ ఎక్కి వెళ్లిపోయింది. మిగిలిన మంద తలలెత్తి, దారి వదిలి, దూరం జరిగి, కాసేపటికి వెనకాలే నడవడం మొదలుపెట్టింది.

"చూశారా, శాలువా విలువ," అన్నారు ఛైర్మన్ గారు ఆర్ద్రంగా.

వేదిక మీద అందరూ ఆ ఊరేగింపును చూడాలని మెడలు తిప్పబోయారు. "సభికులకు వీపు చూపరాదండి," అన్నారు కృపానిధి గారు. మెడలు వెనక్కి వచ్చాయి. హైమవతి మైకు ముందు నిలబడి, 'అత్యవసర పనుల వల్ల మధ్యలో వెళ్లవలసి వచ్చిన గౌరవనీయులు ముఖ్య అతిథి గారికి' అంటుంటే తన గొంతు ఎవరిదో అనిపించింది. పాండురంగం గారి కళ్లు ఆవిడ భుజం మీదుగా ఏదో చూసి నవ్వుతున్నాయి. ఆ నవ్వు ఎంత పెద్దదో చూసి, వెనక ఎంత ఉందో అంచనా కట్టుకుంది.

ఇలా సభలు పెరిగిన కొద్దీ చూడవలసిన చోట్లు వెనకబడ్డాయి. ఒక్కొక్క ఊరుకూ ఒక్కొక్క పూట పడుతుంటే ప్రోగ్రాంలో సగం మిగిలిపోయేలా ఉంది. దానికి తోడు వాన పట్టుకుంది. హోటల్లో అత్యవసర సమావేశం జరిగింది.

"పరిశీలించగా," అన్నారు కృపానిధి గారు, "ఏ చోటైనా ఫ్లెక్సీ కట్టిన తరవాత కనబడేది ఫ్లెక్సీయే అని తేలుతున్నది. కనుక ఫ్లెక్సీని ఇక్కడే కట్టినచో..."

మాట పూర్తి కాకముందే ఛైర్మన్ గారు లేచి ఆయన్ని కౌగలించుకున్నారు.

ఆ పూట నుంచి హోటలు వెనక, కార్లు పెట్టుకునే రేకుల షెడ్డులో యాత్ర జోరందుకుంది. ఒక సరస్సు, రెండు తీరగ్రామాలు, ఒక పాడుబడిన మఠం పొద్దుటి పూట చూసేశారు. భోజనాలయ్యాక ఒక లోయ. గాలి లేదు, వాన లేదు, దీపం నిశ్చలంగా వెలిగింది. పాడ్రిగ్ ఎదురుగా కూర్చుని టీ తాగుతూ, ఒక్కొక్క శాలువా మీద ఇంకొకటి కప్పించుకుంటూ, రాను రాను బట్టల కొట్టులో బొమ్మలా తయారయ్యాడు.

"మా ఆవిడ వీటితో సోఫాలకు తొడుగులు కుడతానంటోంది," అన్నాడు హైమవతితో, విరామంలో. తరవాత కొంచెం ఆగి, "అమ్మగారూ, ఒకటడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. మీవాళ్లకి కొండలంటే భయమా?" అన్నాడు.

"భయం కాదండి. మర్యాద."

"మా వీధిలో ఒకాయన ఉండేవాడు. పెళ్లాన్ని అంతే మర్యాదగా చూసేవాడు. ఆవిడ కళ్లు ఏ రంగో ఆయనకి చివరిదాకా తెలీదు."

హైమవతి నవ్వింది. నవ్వాక భయమేసింది. రేపు ఆఖరి రోజు. ఆఖరి చోటు డూనీన్ కొమ్ము. ఖండమంతా అయిపోయి నేల ముక్కులా సముద్రంలోకి పొడుచుకుపోయే చోటు అది. అక్కడ నిలబడితే ఎదుట అమెరికా దాకా నీళ్లు తప్ప ఏమీ లేవని పాడ్రిగ్ చెప్పాడు. ఆ ఫ్లెక్సీని కూడా కృపానిధి గారు షెడ్డులోనే విప్పబోతున్నారు. సాయంత్రం కొమ్ము కూడా చూసేస్తే రేపు పొద్దున్నే విమానాశ్రయానికి పోవచ్చునట.

హైమవతి చెయ్యి దానంతటదే లేచింది. అన్నేళ్ల ఉద్యోగంలో ఆ చెయ్యి అలా లేవడం అదే మొదలు. అందరూ దానికేసి చూశారు. ఆవిడా చూసింది.

"అధ్యక్షా," అంది. అప్పుడు లోపల ఎక్కడో మూడో పేరాలా ఒకటి కదిలింది. "మిగతా అంశాలు ఎక్కడ జరిగినా చెల్లవచ్చునండి. కానీ వందన సమర్పణలో చివరి వందనం స్థలమునకు. స్థలము సమక్షంలో లేకుండా స్థలమునకు వందనం సమర్పించుట, ఎదుట లేని వ్యక్తికి శాలువా కప్పుటతో సమానం. రేపు ఆడిటులో ఎవరైనా..."

ఆడిటు అన్న మాటకు షెడ్డులో గాలి చల్లబడింది.

"మరి పొద్దుటి నుంచీ చూసినవాటి సంగతేటండీ?" అన్నారెవరో.

"అవి సాధారణ స్థలములండి," అంది హైమవతి. "ఇది ముగింపు స్థలం."

ఇలాంటి నియమం ఎక్కడా లేదని కృపానిధి గారికి తెలుసు. లేదని బయటపెడితే, తమకు తెలియని నియమం ఏదో ఉండవచ్చునని ఎదుటివాళ్లకుండే అనుమానం పోతుంది. ఆయన ఆ అనుమానం మీదే ఇన్నాళ్లూ బతికారు. "సూపరింటెండెంటు గారు లేవనెత్తిన అంశం గమనింపదగినది," అన్నారు.

మర్నాడు డూనీన్ కొమ్ము మీద వాన వెలిసింది గానీ గాలి మాత్రం మనుషుల్ని ముందుకు వంచి నడిపిస్తోంది. చుట్టూ కట్టడానికి స్తంభం లేదు, చెట్టు లేదు. గడ్డి కూడా ఒకవైపుకే పడుకుని ఉంది. ఫ్లెక్సీని ఎలా నిలబెట్టాలన్నది సమస్య.

"సభ్యులే పట్టుకొందురు గాక," అన్నారు ఛైర్మన్ గారు.

సర్వోత్తమరావు గారు మాత్రం మధ్యలో మడత కుర్చీ మీద కూర్చున్నారు. మిగతా వాళ్లందరూ ఆయన వెనక వరసగా నిలబడి, సముద్రానికి వీపు పెట్టి, ఫ్లెక్సీ పై అంచును గడ్డాల దగ్గర రెండు చేతులా పట్టుకున్నారు. గాలి నిండి అది ముందుకు పొంగింది. దూరం నుంచి చూస్తే తలకాయలు మొలిచిన తెరచాపలా ఉంది. ఎదురుగా పాడ్రిగ్. ఆ రోజు కుందిని ఆయన బస్సు టైరు చాటున పెట్టి, తన శాలువాలతో గుడారంలా మూసి, దీపం వెలిగించి ఇచ్చాడు.

ప్రార్థన అయింది. అధ్యక్షోపన్యాసం అయింది. సగం మాటల్ని గాలి పట్టుకుపోయింది. ఎవరూ వాటి కోసం పరిగెత్తలేదు.

"ఇప్పుడు వందన సమర్పణ, శ్రీమతి హైమవతి గారు."

ఆవిడ అంచు వదిలి, మైకు చేతిలోకి తీసుకుని, ఛైర్మన్ గారి పక్కకు వచ్చింది. పేర్లు వరసగా నిలబడి ఉన్నాయి. నోరు తెరిస్తే చాలు. తెరిస్తే అయిపోతుంది కూడా. బస్సు, విమానం, నెలాఖరు.

ఆవిడ వెనక్కి తిరిగింది. ఫ్లెక్సీ చివరిదాకా నడిచింది. మైకు పట్టుకునే దాని అవతలికి వెళ్లింది.

స్పీకరులోంచి గాలి చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

"హైమవతి గారూ, కానివ్వండి," అన్నారు కృపానిధి గారు, మెడ తిప్పకుండా.

హోరు.

"మైకు పాడైందేమో," అన్నారు ఛైర్మన్ గారు.

"మైకు బాగానే ఉందండి. ఆవిడ ఊపిరి వినబడుతోంది."

"అయితే వేరొకరి చేత చేయించండి."

"వీలు లేదండి. ఫ్లెక్సీ మీద వారి పేరు ముద్రించబడి ఉన్నది."

"పోనీ వందనం లేకుండానే ముగిద్దాం."

కృపానిధి గారు ఆయన వంక జాలిగా చూశారు. "వందన సమర్పణ కానిదే సభ ముగియదు కదండీ. ముగియని సభలోంచి అధ్యక్షుల వారు లేచిన దాఖలా లేదు."

తాము తయారుచేసుకున్న బోను తలుపు ఇటువైపు కూడా పడుతుందని వాళ్లకు అప్పుడే తెలుస్తోంది.

"మంగతాయారమ్మా, వెళ్లి పిలుచుకురండి."

మంగతాయారు అంచు వదిలి వెళ్లింది. "ఏంటొదినా ఇది, విమానం..." అన్నది స్పీకరులో వినబడింది. తరవాత వినబడలేదు. ఆవిడ తిరిగి రాలేదు.

ఇంకొకరిని పంపారు. ఆయనా రాలేదు. వాళ్లిద్దర్నీ తేవడానికి ఇద్దర్ని పంపారు. ఫ్లెక్సీ పట్టుకునే చేతులు తగ్గిన కొద్దీ అది బలిసి, మిగిలిన వాళ్లను ముందుకు లాగడం మొదలుపెట్టింది. చివరికి కృపానిధి గారొక్కరే మిగిలారు. పొడుగాటి మనిషి, ఆ మూల నుంచి ఈ మూలకు పరిగెడుతూ ఎలాగో పట్టుకున్నారు. "ఇది నిబంధనలకు..." అంటుండగా గాలి దాన్ని గుంజుకుంది. 'డూనీన్ కొమ్ము సౌందర్య సందర్శన మహాసభ' రివ్వున లేచి, పాడ్రిగ్ టోపీని రాసుకుంటూ, బస్సు మీదుగా, బంగాళదుంపల పొలాల మీదుగా ఊరివైపు ఎగిరిపోయింది. దాన్ని పట్టుకోవాలనే కృపానిధి గారు తిరిగారు. కానీ తిరిగింది తప్పు దిక్కుకు. తిరిగిన వారు తిరిగినట్టే ఉండిపోయారు.

అక్కడ హైమవతికి మొదట పేర్లే కనబడ్డాయి. గౌరవనీయులు, ఆత్మీయులు, స్థానికులు. ఆవిడ వాటిని తరమలేదు. చెప్పకుండా నిలబడింది, అంతే. చెప్పకపోతే పేర్లు ఎంతసేపని నిలబడతాయి? బస్సు కదలదని తెలిసిన ప్రయాణికుల్లా ఒక్కొక్కటే విసుక్కుంటూ దిగిపోయాయి. అరకు మైకు సెట్టు అతను అందరి కంటే ఆఖరున దిగాడు. దిగుతూ ఏదో అన్నాడు గానీ కోపంగా కాదు.

అప్పుడు కింద కెరటం రాతికి కొట్టుకుంది. తెల్లగా లేచింది. చప్పుడు కాస్త ఆగి వచ్చింది. ఎండ మచ్చ ఒకటి, ఎవరిదీ కానిది, నీటి మీద నడుచుకుంటూ వెళుతోంది. అది వెళ్లిన చోటల్లా బూడిద రంగు నీళ్లు ఆకుపచ్చ అవుతున్నాయి, విడిచిన చోట మళ్లీ బూడిద. ఎంతసేపు చూసినా అదే. ఎంతసేపు చూసినా అది కాదు.

"అబ్బ," అంది హైమవతి. మైకు చేతిలోనే ఉందన్న సంగతి మరిచిపోయింది. ఆ అబ్బ స్పీకరులోంచి డూనీన్ కొమ్ము అంతటా వినబడింది. పాడ్రిగ్ అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టాడు.

వేదిక మీద సర్వోత్తమరావు గారు ఒక్కరే మిగిలారు. ఎదురుగా సభికుడు ఒక్కడే. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏం చేస్తున్నారు వాళ్లు?" అన్నారు ఛైర్మన్ గారు.

"నిలబడ్డారు."

"నిలబడి?"

"అంతే."

ఛైర్మన్ గారి మెడలో నరం ఒకటి అటు లాగింది. ఆయన దాన్ని అణిచిపెట్టారు. "సభికులకు వీపు చూపుట అధ్యక్షునికి తగదు," అన్నారు నీరసంగా.

పాడ్రిగ్ కాసేపు ఆలోచించాడు. ఇన్ని రోజులు సభికుడిగా ఉన్నాక ఆయనకూ కొంత అబ్బింది. లేచి, తన కుర్చీ మడిచి చంకన పెట్టుకుని, ఫ్లాస్కు తీసుకుని, ఛైర్మన్ గారిని చుట్టి సముద్రం వైపుకు వెళ్లాడు. అక్కడ కుర్చీ వేసుకుని, సముద్రానికి వీపు పెట్టి, ఛైర్మన్ గారికి అభిముఖంగా కూర్చున్నాడు.

"ఇప్పుడు తిరగండి," అన్నాడు. "సభికులు ఇటున్నారు."

సర్వోత్తమరావు గారు లేచారు. కోటు సర్దుకున్నారు. కుర్చీని పట్టుకుని, సభా మర్యాదకు ఎక్కడా భంగం లేకుండా, నెమ్మదిగా తిప్పి వేసుకుని కూర్చున్నారు. సభికుల మొహంలోకి ఒకసారి చూశారు. తరవాత సభికుల భుజం మీదుగా చూశారు. ఆయన నోరు ఉపన్యాసానికి తెరుచుకున్నట్టే తెరుచుకుంది. అలాగే ఉండిపోయింది.

వాన మళ్లీ వచ్చేదాకా ఎవరూ కదల్లేదు. వచ్చాక అందరూ తడుస్తూ బస్సెక్కారు. వందన సమర్పణ సంగతి ఎవరూ ఎత్తలేదు. కిటికీల తెరలు ఎవరు తీశారో తెలియదు. విమానాశ్రయం దాకా తీసే ఉన్నాయి.

తిరిగొచ్చాక హైమవతి రిటైరైంది. ఒకరోజు వంటింట్లో గిన్నెలు కడుక్కుంటుంటే కృపానిధి గారి ఫోను వచ్చింది.

"నమస్కారమండి. ఒక చిన్న ఇబ్బంది. ఆడిటు వారు అన్నీ ఆమోదించారు. బాలికారిగ్ ఆమోదించారు. షెడ్డులో చూసిన సరస్సు, మఠం, లోయ అన్నీ ఆమోదించారు. డూనీన్ కొమ్ము ఒక్కటి ఆగిపోయింది. వందన సమర్పణ జరగలేదు గనుక సభ జరగలేదు, సభ జరగలేదు గనుక..."

"చూడలేదు," అంది హైమవతి.

"ఆయ్. తమరు ఫోనులో ఒక్క ముక్క అంటే చాలండి. 'అందరికీ ధన్యవాదాలు.' ఇటు నేను వింటాను. సభ ముగిసిపోతుంది."

హైమవతి చేతులు తుడుచుకుంది. నోట్లో ఆ ముక్క సిద్ధంగానే ఉంది. ఎన్నేళ్ల అలవాటు.

"కృపానిధి గారూ, మీరేం చూశారక్కడ?"

ఫోనులో కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"సముద్రపు జంతువు ఉంటుందే, సీల్, దాని పిల్ల ఉందండి," అన్నారాయన. ఆ గొంతులో పేరాలు లేవు. "కింద గులకరాళ్ల మీద. తెల్లటి బొచ్చు. కెరటం వచ్చినప్పుడల్లా వెనక్కి జరిగేదండి. మళ్లీ ముందుకొచ్చేది. మళ్లీ వెనక్కి. ఎందుకో మరి... రోజూ ఒకసారి గుర్తొస్తుందండి."

"ముగించమంటారా మరి?"

ఆయన గొంతు సవరించుకున్నారు. ఏదో కాగితం మడిచిన చప్పుడు వినబడింది.

"వద్దులెండి," అన్నారు. "ఉండనివ్వండి."

అందుచేత సంస్థ రికార్డుల ప్రకారం, ఆ పద్నాలుగు మందీ ఐర్లండు వెళ్లి చూడకుండా వచ్చిన చోటు అదొక్కటే.